ఇంగ్లిష్ గ్రామర్: ‘చేస్తాను’ అంటే అన్నిసార్లూ ‘విల్’ కాదు.. ఫ్యూచర్ టెన్స్ ఎలా వాడాలంటే..?

‘మీ ప్రస్తుత ఉద్యోగంలో రోజూ ఏం చేస్తారు?’ ఇంటర్వ్యూల్లో చాలా మామూలుగా వచ్చే ప్రశ్న ఇది. దీనికి తెలుగు అభ్యర్థుల నోట తరచూ వినిపించే సమాధానం ఇలా ఉంటుంది.. ‘మార్నింగ్ ఐ విల్ చెక్ ది స్టాక్. దెన్ ఐ విల్ కాల్ ది కస్టమర్స్.’

చెప్పినవాళ్ల మనసులో ఉన్నది ‘పొద్దున్నే స్టాక్ చెక్ చేస్తాను, తర్వాత కస్టమర్లకు ఫోన్ చేస్తాను’ అని. కానీ ఇంగ్లిష్ బాగా అలవాటున్నవాళ్లకు అది ‘ఇకపై చెక్ చేస్తాను, ఇకపై ఫోన్ చేస్తాను’ అన్నట్టు వినిపిస్తుంది. అంటే మూడేళ్లుగా చేస్తున్న పని కాస్తా.. ఇంకా మొదలుపెట్టని పనిలా మారిపోతుంది. చేతిలో ఉన్న అనుభవం మాటలో కనిపించకుండా పోతుంది. ఇదంతా ఒక్క ‘విల్’ తెచ్చిన తేడా.

దీనికి రివర్స్‌లో జరిగే పొరపాటు కూడా ఉంది. ‘రేపు ఫోన్ చేస్తాను’ అని చెప్పడానికి చాలామంది ‘ఐ కాల్ యు టుమారో’ అనేస్తారు. అక్కడ అక్కర్లేని ‘విల్’ వచ్చింది.. ఇక్కడ ఉండాల్సిన ‘విల్’ పోయింది. ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒక్కటే.

అసలు చిక్కు ‘చేస్తాను’లోనే..

‘నేను రోజూ పని చేస్తాను’, ‘నేను రేపు పని చేస్తాను’. ఈ రెండు వాక్యాలనూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది అలవాటు. రెండోది ఇంకా జరగని పని. కానీ రెండింటిలోనూ క్రియ ఒకటే.. ‘చేస్తాను’. తేడా చెబుతున్నది ‘రోజూ’, ‘రేపు’ అనే మాటలు మాత్రమే.

‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’ లాంటి వాక్యాలను స్కూల్లో తద్ధర్మ కాలం అని చెప్పడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎప్పుడూ జరిగే విషయాన్ని చెప్పే రూపం అది. ఇప్పటి వాడుక తెలుగులో భవిష్యత్తుకీ అదే రూపం సరిపోతుంది. తెలుగులో మాట్లాడుకున్నంతసేపు దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు.

ఇంగ్లిష్‌లో మాత్రం ఈ రెండూ వేరు. అలవాటైతే ‘ఐ వర్క్’. రేపటి సంగతైతే ‘ఐ విల్ వర్క్’. అందుకే నోరు తెరిచే ముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న.. ఇది రోజూ చేసేదా? ఇకముందు చేయబోయేదా? రోజూ చేసేదైతే ‘విల్’ పక్కన పెట్టేయాలి. ‘ఐ చెక్ ది స్టాక్. దెన్ ఐ కాల్ ది కస్టమర్స్’ అంటే చాలు.

ఇంగ్లిష్ క్రియకు ఫ్యూచర్ రూపమే లేదు!

వినడానికి విచిత్రంగా ఉన్నా ఇది నిజం. గతం చెప్పాలంటే క్రియ చివర ‘ఈడీ’ చేరుతుంది. భవిష్యత్తు చెప్పడానికి అలా చివర చేర్చే అక్షరాలేవీ ఇంగ్లిష్‌లో లేవు. అందుకే ఆ భాషకు ఉన్నవి రెండే టెన్స్‌లు.. గతం, వర్తమానం అని చాలామంది భాషావేత్తలు అంటారు. భవిష్యత్తు కావాలంటే క్రియ ముందు ఇంకో మాటను తెచ్చుకోవాల్సిందే.

అలా తెచ్చుకున్న మాటల్లో ముఖ్యమైనది ‘విల్’. పాత ఇంగ్లిష్‌లో దీనికి ‘కోరుకోవడం’ అనే అర్థం ఉండేది. ‘షల్’ అంటే ‘బాకీ ఉండటం, చేయాల్సి ఉండటం’. అందుకే ఇప్పటికీ ‘ఐ విల్’ అన్నప్పుడు అందులో కాస్త మాట ఇచ్చిన ధ్వని వినిపిస్తుంది.

ముందు మూడు ముక్కలు..

‘వర్క్’ అనేది రెగ్యులర్ వెర్బ్. గతంలోకి వెళ్లినా దాని రూపం పూర్తిగా మారిపోదు. ఇలాంటి క్రియతో ఫ్యూచర్ వాక్యాలు తయారు చేయడానికి మూడు రూపాలు తెలిస్తే సరిపోతుంది.

• మామూలు రూపం: వర్క్
• ‘ఐఎన్‌జీ’ చేరిస్తే: వర్కింగ్
• ‘ఈడీ’ చేరిస్తే: వర్క్ట్

మూడోదాన్ని చాలామంది ‘వర్కెడ్’ అని పలుకుతుంటారు. కానీ ‘ఈడీ’ అన్నిచోట్లా ‘ఎడ్’ అని పలకదు. వర్క్ అయితే ‘వర్క్ట్’, ఫినిష్ అయితే ‘ఫినిష్ట్’, కాల్ అయితే ‘కాల్డ్’. క్రియ చివర ‘ట్’, ‘డ్’ శబ్దం ఉన్నప్పుడే ‘స్టార్టెడ్’, ‘నీడెడ్’ అని ఇంకో అక్షరం పలుకుతుంది.

1. విల్ వర్క్.. అప్పటికప్పుడు అనుకున్నది, మాట ఇచ్చింది

అన్నింటికన్నా తేలికైనది ఇదే. ‘విల్’ తర్వాత క్రియ మామూలు రూపం పెట్టాలి. ఐ, వి, యు, హి, షి, దే.. ఎవరైనా సరే మార్పు ఉండదు. ‘షి వర్క్స్’లో కనిపించే ‘ఎస్’ ఇక్కడ రాదు. ‘షి విల్ వర్క్స్’ అనేది తప్పు. ‘షి విల్ వర్క్’ అనాలి.

• కాదు అనాలంటే: ఐ విల్ నాట్ వర్క్
• ప్రశ్న అడగాలంటే: విల్ యు వర్క్?

ఎప్పుడు వాడాలి? కాలింగ్ బెల్ మోగింది.. ‘నేను తీస్తాలే’ అంటారు చూడండి, అది ‘ఐ విల్ ఓపెన్ ఇట్’. అంతకుముందు అనుకున్నది కాదు, ఆ క్షణంలో తీసుకున్న నిర్ణయం. అలాగే ‘తప్పకుండా సాయం చేస్తా’ అని మాట ఇవ్వడానికి ‘ఐ విల్ హెల్ప్ యు’. ‘వాళ్లు ఒప్పుకుంటారనుకుంటా’ అని ఊహించి చెప్పడానికి ‘ఐ థింక్ దే విల్ అగ్రీ’.

‘వోంట్’, ‘వాంట్’.. ఇక్కడ జాగ్రత్త!

‘విల్ నాట్’ను కలిపి పలికితే ‘వోంట్’. ‘కావాలి’ అనే అర్థం వచ్చే మాట ‘వాంట్’. రెండూ దగ్గరగా వినిపిస్తాయి. అర్థాలు మాత్రం పూర్తిగా వ్యతిరేకం.

‘ఐ వాంట్ టు వర్క్ ఆన్ సండేస్’ అంటే ఆదివారాలు పని చేయాలనుంది అని. ‘ఐ వోంట్ వర్క్ ఆన్ సండేస్’ అంటే ఆదివారాలు పని చేయను అని. ఫోన్ ఇంటర్వ్యూలో ‘టు’ మింగేసి, ‘వా’ను ‘వో’లా పలికితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పలకడం మీద నమ్మకం లేనప్పుడు ‘ఐ విల్ నాట్’ అని విడదీసి చెప్పడమే మేలు.

2. గోయింగ్ టు వర్క్.. ముందే అనుకున్నది

తెలుగులో ‘చేయబోతున్నాను’ అనే రూపం ఉంది కదా.. దానికి దగ్గరగా వచ్చేది ‘గోయింగ్ టు’. మనిషిని బట్టి ముందు ‘యామ్’, ‘ఈజ్’, ‘ఆర్’ పెట్టాలి. తర్వాత మామూలు క్రియ రావాలి. ‘ఐ యామ్ గోయింగ్ టు వర్క్’, ‘షి ఈజ్ గోయింగ్ టు వర్క్’, ‘దే ఆర్ గోయింగ్ టు వర్క్’.

‘విల్’కీ దీనికీ తేడా ఎక్కడంటే.. నిర్ణయం ఎప్పుడు తీసుకున్నారన్న దగ్గర. ‘ఆ కస్టమర్‌కి ఫోన్ చేశారా?’ అని మేనేజర్ అడిగారు అనుకుందాం. ‘ఓ, ఐ విల్ కాల్ హిమ్ నౌ’ అంటే అడిగాకే గుర్తొచ్చింది అని అర్థమైపోతుంది. ‘ఐ యామ్ గోయింగ్ టు కాల్ హిమ్ ఎట్ ఫోర్’ అంటే నాలుగు గంటలకు చేయాలని ముందే అనుకున్నారని అర్థం. పని రెండు చోట్లా అదే. వినేవాళ్లకు కలిగే అభిప్రాయం మాత్రం వేరు.

కళ్ల ముందు ఆనవాళ్లు కనిపిస్తున్నప్పుడు కూడా ఇదే వాడతారు. ఆకాశం నల్లగా మబ్బు పట్టింది.. ‘వర్షం పడబోతోంది’ అనడానికి ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’.

సినిమాల్లో, వీడియోల్లో ‘గాన’ అని వినిపించేది కూడా ఈ ‘గోయింగ్ టు’నే. స్నేహితుల మధ్య మాటల్లో పర్లేదు కానీ ఆఫీస్ మెయిల్‌లో రాయకపోవడమే మంచిది.

3. ‘విల్’ లేకుండానే ఫ్యూచర్!

‘ఈ ఆదివారం పని చేస్తున్నా’ అని తెలుగులో అంటారు. చేస్తున్నది ఇప్పుడు కాదు, ఆదివారం. ఇంగ్లిష్‌లోనూ అచ్చం ఇలాగే.. ‘ఐ యామ్ వర్కింగ్ దిస్ సండే’. అంతా ఖాయమైపోయిన ఏర్పాటుకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఇక్కడ మాత్రం తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో చెప్పినా ఇబ్బంది లేదు.

టైమ్ టేబుల్ ప్రకారం జరిగేవాటికి ఇంకా తేలిక. ‘ది ఎగ్జామ్ స్టార్ట్స్ ఎట్ టెన్ టుమారో’. ఇందులో ‘విల్’ లేకపోయినా తప్పు కాదు. పరీక్షలు, రైళ్లు, షిఫ్టులు లాంటి వాటికి ఈ వెసులుబాటు ఉంది. మనిషి అప్పటికప్పుడు ఇచ్చే మాటకు లేదు. అందుకే ‘ది ఎగ్జామ్ స్టార్ట్స్ టుమారో’ ఒప్పు.. ‘ఐ కాల్ యు టుమారో’ తప్పు.

4. విల్ బి వర్కింగ్.. ఆ టైమ్‌కి పని మధ్యలో ఉంటా

‘రేపు 10 గంటలకు ఫోన్ చేయొద్దు, పని చేస్తూ ఉంటా’ అనాలంటే ‘ఐ విల్ బి వర్కింగ్ ఎట్ టెన్’. ‘విల్ బి’ తర్వాత ‘ఐఎన్‌జీ’ రూపం. పని 10 గంటలకు మొదలవుతుందని కాదు.. అప్పటికే మొదలై నడుస్తూ ఉంటుందని.

దీనికి ఇంకో మంచి ఉపయోగం ఉంది. ఎదుటివాళ్లను ఒత్తిడి చేయకుండా వాళ్ల ప్లాన్ తెలుసుకోవచ్చు. ‘విల్ యు జాయిన్ అజ్?’ అంటే ‘మాతో వస్తారా?’ అని పిలిచినట్టు. ‘విల్ యు బి జాయినింగ్ అజ్?’ అంటే ‘మీరు వచ్చే ఆలోచనలో ఉన్నారా?’ అని మర్యాదగా అడిగినట్టు.

అయితే నీడ్, వాంట్, లైక్ లాంటి క్రియలకు మామూలుగా ‘ఐఎన్‌జీ’ చేర్చరు. ‘ఐ విల్ బి నీడింగ్ టూ డేస్’ అనక్కర్లేదు. ‘ఐ విల్ నీడ్ టూ డేస్’ అంటే సరిపోతుంది.

5. విల్ హ్యావ్ ఫినిష్ట్.. గడువు చెప్పేటప్పుడు

‘శుక్రవారం కల్లా రిపోర్ట్ పూర్తి చేసేసి ఉంటా’. ఇలాంటి మాటకు ఇంగ్లిష్‌లో ‘ఐ విల్ హ్యావ్ ఫినిష్ట్ ది రిపోర్ట్ బై ఫ్రైడే’. ‘విల్ హ్యావ్’ తర్వాత ‘ఈడీ’ రూపం రావాలి. శుక్రవారం వచ్చేసరికి పని అయిపోయి ఉంటుందని భరోసా.

‘ఐ విల్ ఫినిష్ ఇట్ బై ఫ్రైడే’ అన్నా తప్పేమీ కాదు. అందులో పూర్తి చేస్తానన్న మాట ఉంటుంది. ‘విల్ హ్యావ్ ఫినిష్ట్’లో ఆ రోజుకు నిలబడి వెనక్కి చూస్తే పని ముగిసి ఉంటుందన్న సంగతి ఉంటుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు బాగా జరుగుతుంటాయి.

• ‘షి విల్ హ్యాజ్ ఫినిష్ట్’ అనడం. ‘విల్’ తర్వాత ‘హ్యాజ్’ ఎప్పుడూ రాదు. ఎవరికైనా ‘హ్యావ్’ మాత్రమే.
• ‘బై’కి బదులు ‘టిల్’ వాడటం. ‘ఐ విల్ సబ్మిట్ ఇట్ టిల్ ఫ్రైడే’ అంటే కుదరదు. ‘శుక్రవారం కల్లా’ అంటే ‘బై ఫ్రైడే’. ‘శుక్రవారం వరకు పని చేస్తూనే ఉంటా’ అన్నప్పుడే ‘ఐ విల్ వర్క్ టిల్ ఫ్రైడే’.

6. విల్ హ్యావ్ బీన్ వర్కింగ్.. ఎన్నాళ్లుగా అని చెప్పడానికి

‘వచ్చే జూన్‌కి ఇక్కడ పని చేయబట్టి ఐదేళ్లవుతుంది’ అనాలంటే ‘బై నెక్స్ట్ జూన్, ఐ విల్ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’. చూడటానికి పొడుగ్గా ఉంటుంది కానీ రోజువారీ మాటల్లో దీని అవసరం తక్కువే. భవిష్యత్తులో ఒక తేదీ, అప్పటికి గడిచిన కాలం.. ఈ రెండూ కలిసి వచ్చినప్పుడు మాత్రమే దీన్ని బయటకు తీస్తే చాలు. పరీక్షల్లో మాత్రం అడుగుతుంటారు కాబట్టి గుర్తుపట్టడం వచ్చి ఉండాలి.

‘ఇఫ్’, ‘వెన్’ పక్కన ‘విల్’ వద్దు

‘ఇంటికి చేరగానే ఫోన్ చేస్తా’. దీన్ని చాలామంది ‘వెన్ ఐ విల్ రీచ్ హోమ్, ఐ విల్ కాల్ యు’ అంటారు. చేరడం కూడా ఇంకా జరగలేదు కదా అని అక్కడా ఒక ‘విల్’ పెట్టేస్తారు. కానీ ఒక్క ‘విల్’ చాలు.. ‘వెన్ ఐ రీచ్ హోమ్, ఐ విల్ కాల్ యు’.

తెలుగులోనూ గమనించండి. ‘చేరగానే’ అనే మాటలో విడిగా భవిష్యత్తు ఏమీ లేదు. ‘వర్షం ఆగితే’లోనూ లేదు. భవిష్యత్తు అంతా వాక్యం చివరి క్రియే మోస్తుంది. ఇంగ్లిష్‌లోనూ ‘ఇఫ్’, ‘వెన్’, ‘ఆఫ్టర్’, ‘బిఫోర్’, ‘అంటిల్’ ఉన్న సగంలో ‘విల్’ రాదు.. మిగతా సగంలో వస్తుంది. ‘ఆయన ఎప్పుడు ఫోన్ చేస్తారు?’ అని నేరుగా అడిగే ప్రశ్న వేరు. అక్కడ ‘వెన్ విల్ హి కాల్?’ అనే అనాలి.

మరి ‘షల్’ సంగతేంటి?

పాత గ్రామర్ పుస్తకాల్లో ‘ఐ’, ‘వి’లకు ‘షల్’, మిగతావాళ్లకు ‘విల్’ అని ఉంటుంది. ఈ రూల్‌కు మూలం 1653లో జాన్ వాలిస్ లాటిన్‌లో రాసిన ఇంగ్లిష్ వ్యాకరణం దాకా వెళ్తుంది. ఇప్పటి వాడుకలో ఇది దాదాపు లేదు. ‘ఐ విల్’ అంటే ఎవరూ తప్పు పట్టరు.

‘షల్’ మిగిలింది ముఖ్యంగా రెండు చోట్ల. ‘మొదలుపెడదామా?’ అని అడగడానికి ‘షల్ వి స్టార్ట్?’. రెండోది చట్టాలు, ఒప్పందాలు. భారత రాజ్యాంగం ఇంగ్లిష్ ప్రతిలో మొదటి ఆర్టికల్‌లోనే ‘షల్’ కనిపిస్తుంది. చట్టంలో ఈ మాట వస్తే సాధారణంగా అది ఊహ కాదు.. ఆ విధంగా ఉండి తీరాలన్న శాసనం.

వినేటప్పుడు ‘విల్’ ఎందుకు వినపడదు?

ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు మాటల్లో ‘ఐ విల్’ అని పూర్తిగా పలకడం తక్కువ. ‘ఐల్’, ‘షీల్’, ‘దేల్’ అని కుదించేస్తారు. ‘ఐల్ కాల్ యు టుమారో’ అని వేగంగా అంటే మధ్యలో ఉన్న ‘ల్’ చాలామందికి వినపడదు. దాంతో ‘ఐ కాల్ యు టుమారో’ అన్నట్టే చెవిన పడుతుంది. అదే కరెక్ట్ అనుకుని అలాగే మాట్లాడేవాళ్లూ ఉంటారు. ఆ చిన్న ‘ల్’ కోసం చెవి పెట్టడం అలవాటు చేసుకోవాలి.

ఇంటర్వ్యూలో.. వీసా కౌంటర్ దగ్గర..

ఇంటర్వ్యూలో అడిగేవి ప్రధానంగా మూడు కాలాల సంగతులు.. ఇప్పటిదాకా ఏం చేశారు, ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఇక ఏం చేస్తారు. ఇందులో రెండోది, మూడోది కలిసిపోతే మొత్తం సమాధానమే గందరగోళం అవుతుంది. ఇప్పుడు చేస్తున్న పని గురించి అడిగితే ‘ఐ వర్క్’, ‘ఐ చెక్’, ‘ఐ కాల్’. ఉద్యోగం ఇస్తే ఏం చేస్తారని అడిగితే అప్పుడు ‘ఐ విల్’.

విదేశీ చదువుల వీసా ఇంటర్వ్యూలోనూ ‘కోర్సు పూర్తయ్యాక ఏం చేస్తారు?’ అనే ప్రశ్న రావచ్చు. వీసా నిర్ణయం గ్రామర్ మీద ఆధారపడదు. కానీ నిజంగానే ముందే వేసుకున్న ప్లాన్ ఉన్నప్పుడు అది ప్లాన్‌లాగే వినిపించాలి. ‘ఐ యామ్ గోయింగ్ టు వర్క్ ఇన్ అవర్ ఫ్యామిలీ బిజినెస్’ అంటే ఆలోచించి పెట్టుకున్న మాటలా ఉంటుంది. ‘మే బి ఐ విల్ వర్క్’ అంటే ప్రశ్న అడిగాక వెతుక్కున్న సమాధానంలా ఉంటుంది.

ఒక్కసారి మీరూ ట్రై చేయండి..

ఈ ఐదు వాక్యాలను ఇంగ్లిష్‌లో చెప్పి, తర్వాత కింద సమాధానాలు చూసుకోండి.

1. నేను రోజూ 8 గంటలు పని చేస్తాను.
2. ఫోన్ మోగుతోందా? నేను మాట్లాడతాలే.
3. సోమవారం కల్లా రిపోర్ట్ పూర్తి చేసేసి ఉంటా.
4. వర్షం ఆగితే మొదలుపెడతాం.
5. రేపు ఈ టైమ్‌కి ప్రయాణం చేస్తూ ఉంటాం.

సమాధానాలు:

1. ఐ వర్క్ ఎయిట్ అవర్స్ ఎ డే. అలవాటు కాబట్టి ‘విల్’ లేదు.
2. ఐ విల్ ఆన్సర్ ఇట్. అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయం.
3. ఐ విల్ హ్యావ్ ఫినిష్ట్ ది రిపోర్ట్ బై మండే. ‘కల్లా’ అంటే ‘బై’.
4. ఇఫ్ ది రెయిన్ స్టాప్స్, వి విల్ స్టార్ట్. ‘ఇఫ్’ ఉన్న సగంలో ‘విల్’ రాలేదు.
5. వి విల్ బి ట్రావెలింగ్ ఎట్ దిస్ టైమ్ టుమారో. పని మధ్యలో ఉంటారు కాబట్టి ‘విల్ బి’.

మొదటిదానికి ‘ఐ విల్ వర్క్’ అని వచ్చిందా? అయితే మొదట పట్టించుకోవాల్సింది ఆ ఒక్కదాన్నే. రాత్రి పడుకునే ముందు రోజూ చేసే పనులు మూడు, రేపు చేయబోయే పనులు మూడు ఇంగ్లిష్‌లో పైకి చెప్పుకోండి. మొదటి మూడింటిలో ‘విల్’ రాకూడదు.. తర్వాతి మూడింటిలో ‘విల్’ కానీ ‘గోయింగ్ టు’ కానీ ఉండాలి. కొన్నాళ్లకు ‘చేస్తాను’ అనుకోగానే అది ఏ ‘చేస్తాను’ అన్నది దానంతట అదే తడుతుంది.